సగం సీసా తమ్ముడు

మా అత్తయ్య మెడ మీద గడ్డని మేము జీడిపప్పు లెక్కలో కొలిచేవాళ్ళం. పలాస వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్తాను. పప్పుని గ్రేడు చేసేటప్పుడు ఒక పౌనుకి, అంటే అర కిలోకి కాస్త తక్కువకి, సుమారుగా ఎన్ని పలుకులు తూగితే అదే దాని నంబరు. 180 అంటే లావు పప్పు. 240 కాస్త చిన్నది. 320 ఇంకా చిన్నది, మామూలుగా మీ ఇంట్లో పాయసంలో పడేది అదే. అంటే నంబరు పెరిగేకొద్దీ పలుకు తగ్గుతుంది. అత్తయ్య ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టింది. ఆ పిక్కల నూనెకి నల్లబడిన వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా తెల్లబడలేదు. నేను అదే ఊళ్ళో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కాబట్టి మా ఇద్దరికీ సెంటీమీటర్ల కంటే ఇదే దగ్గర.

2023లో వినాయక చవితి వెళ్ళిన వారంలో ఆవిడ తలకి నూనె రాస్తుంటే ఎడమ చెవి కింద నా వేలికి తగిలింది. గట్టిగా ఉంది, కదలట్లేదు. అప్పుడది పప్పు సైజు కాదు, పెంకుతో ఉన్న పిక్క సైజు. నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తల తిప్పకుండానే అంది: "తెలుసులేయే. పది దినాలయ్యింది. పండగెల్లాక సెప్దామని ఊరుకున్నాను."

అంతకు ముందు ఏడాదే అంగిలికి ఆపరేషనయ్యింది. కారణం అడ్డపొగ. మా వైపు కాకుండా వేరే జిల్లాల వాళ్ళు ఈ మాట వినుండరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. అవును, నిప్పున్న కొసే. శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్ళలో ముసలమ్మలు చాలామంది ఇలాగే తాగేవారు. ఇప్పటికీ తాగేవాళ్ళున్నారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పొయ్యి దగ్గర కూర్చున్న అత్తయ్య నోట్లోంచి పొగ వస్తోంది కానీ చుట్ట వెలుగు కనపడట్లేదని భయపడిపోయాను. అడిగితే నవ్వింది. గాలికి ఆరదట, బూడిద చీర మీద రాలదట, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయట. వాళ్ళమ్మ నేర్పిందట, పద్నాలుగేళ్ళప్పుడు. 1960ల చివర్లోనే ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు మన జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు తెరిపించి చూశారు, ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న లంకె అప్పటినుంచే పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో ఉన్నది మా వీధికి రావడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో.

2022లో పై దవడ ఎడమ సగం తీసేశారు. తర్వాత ముప్పై రోజులు కరెంటు, అంటే రేడియేషన్. రెండూ ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగిపోయాయి. దవడ తీసేసిన చోట నోటికీ ముక్కుకీ మధ్య గోడ లేదు కదా, దానికి పళ్ళ డాక్టరు ఒక ప్లేటు చేసిచ్చారు. గులాబీ రంగులో పళ్ళసెట్టులా ఉంటుంది, పైన ఒక బుడిపె. అది పెట్టుకుంటే మాట మాటలా ఉంటుంది. తీస్తే పలాస అన్నది మలాస అని వినిపిస్తుంది, తాగిన మజ్జిగ ముక్కులోంచి వస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు దాన్ని తీసి, మెత్తటి బ్రష్షుతో తోమి స్టీలు గిన్నెలో నీళ్ళలో వేస్తుంది. మా చిన్నోడు మొదట్లో ఆ గిన్నె ఉన్న గదిలోకే వెళ్ళేవాడు కాదు. ఇప్పుడు తోమే డ్యూటీ వాడిదే.

సరే, మెడ మీద గడ్డ. విశాఖలో స్కాన్ తీస్తే మెడలోనే కాదు, ఊపిరితిత్తుల్లో కూడా రెండు చుక్కలు. మా డాక్టరు మేడమ్ నాకంటే చిన్నదే అయ్యుంటుంది. ఏదీ దాచకుండా చెప్పారు. ఇంక ఆపరేషన్ కుదరదు, అదే చోట మళ్ళీ కరెంటు పెట్టలేం, పూర్తిగా నయం చెయ్యడం అనే మాట ఇప్పుడు మనం అనుకోకూడదు, ఎన్నాళ్ళు బాగా ఉంచగలం అన్నదే చూడాలి అన్నారు. అప్పుడు మొదటిసారి ఇమ్యునోథెరపీ అనే మాట విన్నాను. విన్నానంటే, అంతకు ముందు వాట్సాప్‌లో మా ఆడపడుచు పంపేది, "క్యాన్సర్‌కి మందు దొరికింది, పదిమందికీ పంపండి" అని. ఆ మందే ఇదని నాకు తెలీదు.

మేడమ్ ఒక కాగితం మీద పూర్తి డోసు ఖర్చు రాసి నావైపు తిప్పారు. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ మేస్త్రీ. ఆయన ఏడాది సంపాదన వేళ్ళ మీద లెక్కపెట్టే డోసులతో అయిపోతుంది. ఇది కార్డు మీద రాదన్నారు. నేను ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను, అత్తయ్య చదవలేదు కాబట్టి సరిపోయింది. ఆవిడ అంకెలు బాగానే చదువుతుందని బయటకొచ్చాక గుర్తొచ్చింది.

తర్వాత మేడమ్ ఇంకో దారి చెప్పారు. మందు అదే, పేరు నివోలుమాబ్. పూర్తి డోసయితే 240 మిల్లీగ్రాములు, రెండు వారాలకోసారి. ఆవిడ చెప్పింది 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి. నాకు లెక్క ఆగదు కదా. ఆరు వారాలకి వేస్తే అక్కడ 720, ఇక్కడ 40. పద్దెనిమిదో వంతు!

"ఇది మందా, తీర్థమా మేడమ్?" అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 151 మంది మీద చేసి చూశారట, 2022లో ఫలితాలు చెప్పారట. అందరూ మనలాంటి వాళ్ళే, తల, మెడ భాగాల్లో ముదిరిపోయిన క్యాన్సర్. అందరికీ మూడు రకాల మాత్రలిచ్చారు. సగం మందికి వాటితోపాటు ఈ 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కూడా. ఏడాది తిరిగేసరికి మాత్రలు మాత్రమే వేసుకున్నవాళ్ళలో బతికున్నది వందకి 16 మంది. ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్ళలో వందకి 43. పూర్తి డోసుతో పక్కపక్కన పెట్టి పోల్చిన ప్రయోగం కాదిది అని కూడా ఆవిడే చెప్పారు, నేను అడక్కుండానే. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. వందకి 43 అంటే మిగతా 57 మంది సంగతేమిటని నోటిదాకా వచ్చింది. పక్కన అత్తయ్య ఉంది, అడగలేదు.

ఇంత తక్కువ మందు ఎలా పనిచేస్తుందో రైల్లో తిరిగొస్తూ అత్తయ్యకి చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. మన రక్తంలో కాపలా కణాలుంటాయి, వాటి మీద పీడీ-1 అని ఒక బ్రేకులాంటిది ఉంటుంది. హొంజో అనే జపాన్ ఆయన 1992లో ఆ పీడీ-1ని కనిపెట్టి, అది బ్రేకని తర్వాత తేల్చి, 2018లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. క్యాన్సర్ కణం వచ్చి ఆ బ్రేకు నొక్కి కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుంది. మందు వెళ్ళి ఆ బ్రేకు మీద మూత వేసినట్టు కూర్చుంటుంది. అన్ని బ్రేకులకీ మూత వెయ్యడానికి కొంచెం మందే చాలావరకు సరిపోతుంది, ఒకసారి కూర్చుంటే వారాల తరబడి ఉంటుంది. ఇదీ నాకు అర్థమైనది. ఆవిడకి బ్రేకులెందుకని, దొంగ మన కుక్కకి అన్నం ముద్ద వేసి లోపలికొచ్చేస్తున్నాడనుకో, ఈ మందు కుక్క మూతికి చిక్కం కట్టినట్టు, ముద్ద తిననివ్వదు అన్నాను.

కిటికీలోంచి తిలారు స్టేషన్ వెళ్ళేదాకా ఆలోచించింది.

"చిక్కం కడితే మరి దొంగనెలా కరుస్తాదే?"

ఇప్పటికీ నా దగ్గర దానికి జవాబు లేదు.

ఇక అసలు చిక్కు. ఈ మందు చిన్న సీసా 40 మిల్లీగ్రాములది, నాలుగు మిల్లీలీటర్లు. మనకి కావలసింది రెండు మిల్లీలీటర్లు. చెడిపోకుండా కలిపే మందులేవీ అందులో ఉండవు కాబట్టి ఒకసారి సూది గుచ్చాక మిగతాది మూడు వారాల తర్వాతకి దాచుకోలేం. అంటే సగం పారబొయ్యాలి, లేదా అదే రోజు అదే మందు కావలసిన ఇంకో మనిషి దొరకాలి. ఆసుపత్రి ఫార్మసీలో అమ్మాయి దీనికో నోటుబుక్కు పెట్టింది. జంటలు జంటలుగా పేర్లు, పక్కన తారీఖులు. పెళ్ళిళ్ళ పేరయ్య పుస్తకంలా ఉంటుంది. మా అత్తయ్యకి జంట కుదిరింది పర్లాకిమిడి ఆటో డ్రైవరుతో. యాభై ఏళ్ళుంటాయి. గుట్కా. కుడి బుగ్గ. నోరు ఒక వేలు దూరేంత మాత్రమే తెరుచుకుంటుంది, కాబట్టి నవ్వితే కళ్ళతోనే నవ్వాలి.

2023 నవంబరులో ఒక మంగళవారం మొదటి డోసు. నర్సు సీసాని వెలుతురుకి పెట్టి చూసింది. కొబ్బరినీళ్ళ రంగు. సిరంజిలో రెండు గీతలదాకా లాగి ఒక సెలైన్ సంచిలోకి, మళ్ళీ రెండు లాగి ఇంకో సంచిలోకి ఎక్కించింది. సగం సీసా సొమ్ము మేము, సగం వాళ్ళు. నేను ఫ్యాక్టరీలో తూకం దగ్గర నిలబడినట్టే నిలబడి ఆ గీతలు చూశాను. సిగ్గేసింది కానీ చూశాను. అటు పక్కన ఆయన భార్య కూడా చూస్తోంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేశాం.

పక్క పక్క కుర్చీల్లో అరగంట. ఆయన పళ్ళ మధ్యలోంచే అడిగాడు: "అప్పా, నీది ఏవూరు?" అంతే, చుట్టరికం కలిసిపోయింది. ఆవిడకి ఆయన సగం సీసా తమ్ముడు, ఆయనకి ఈవిడ అప్ప, అంటే అక్క. జుట్టు ఊడిపోతుందని నేను భయపడ్డాను, ఈ ఇంజెక్షన్‌కి అలా ఏమీ అవలేదు. సాయంత్రం ప్యాసింజరెక్కి విజయనగరంలో ఇడ్లీ సాంబారులో నానబెట్టుకుని తింది.

కష్టమంతా మాత్రలతోనే వచ్చింది. ఎర్లోటినిబ్ రోజుకొకటి, ఖాళీ కడుపున. సెలికాక్సిబ్ రెండు పూటలా. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, అది రోజూ వేసేస్తే ప్రాణానికే ముప్పని మేడమ్ నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. క్యాలెండరులో ఆదివారాలన్నిటికీ నల్ల స్కెచ్‌పెన్‌తో సున్నా చుట్టి, వేశాక లోపల టిక్కు పెట్టేదాన్ని, ఫ్యాక్టరీ రశీదుల్లాగే. ఎర్లోటినిబ్‌కి మూడో వారానికల్లా ముఖం నిండా మొటిమల్లాంటి పొక్కులొచ్చాయి. అరవై నాలుగేళ్ళ ముఖం మీద పదహారేళ్ళ మొటిమలు. వీధిలో ఆడాళ్ళు అమ్మవారు పోసిందేమోనని మా గుమ్మం ఎక్కడం మానేశారు. అత్తయ్యకి అదొక సుఖమే, పరామర్శలు తగ్గాయి.

నాలుగో డోసు సరిగ్గా కనుమ రోజు పడింది. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆవిడ ఎప్పుడూ ఆ రోజు గుమ్మం దాటలేదు. మార్చుకోవచ్చా అని ఫోన్ చెయ్యబోతే ఆపింది. "నానెళ్ళకపోతే ఆ తమ్ముడి సగం ఏటైపోద్ది?" అంది. వెళ్ళాం. వాళ్ళూ అలాగే అనుకుని వచ్చారు.

ఆ తర్వాత వారాల్లోనే ఒక తప్పు జరిగింది. మోకాళ్ళ నొప్పులంటే నేను ఫ్యాక్టరీలో ఉండగా ఎవరో ఆర్‌ఎంపీని పిలిపించారు, ఆయన సూది వేసి వెళ్ళాడు. మర్నాటికి నొప్పి మాయం. ఏం సూదో అడిగి రాసుకుని వెళ్ళి చూపిస్తే మేడమ్ ముఖం మారిపోయింది. స్టెరాయిడ్. ఇమ్యునోథెరపీలో కాపలా కణాలు ఒక్కోసారి అతిగా రెచ్చిపోయి మన ఊపిరితిత్తుల్నో పేగుల్నో కరిస్తే, అప్పుడు డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు, అది వేరు. ఊరికే నొప్పికి వేసుకుంటే, లేపిన కుక్కకి మనమే మత్తు పెట్టినట్టు. అప్పటినుంచి మా తలుపు మీద ఒక అట్టముక్క వేలాడుతోంది: "అడక్కుండా సూది వెయ్యరాదు". దగ్గు, ఆయాసం, విరేచనాలు, ఏదొచ్చినా ఫోన్ చెయ్యాల్సింది ఆసుపత్రికే. అత్తయ్య కాపలా కణాలు కరిచింది థైరాయిడ్‌ని. ఆరో డోసు తర్వాత ఊరికే నిద్ర, ముఖం వాపు, ఎండల్లో కూడా దుప్పటి. మేం వయసనుకున్నాం, రక్తపరీక్షలో తేలింది. పొద్దున్నే ఇంకో చిన్న మాత్ర చేరింది. అంతే.

గడ్డ సంగతి. సంక్రాంతికి ముందే ఆవిడ చెప్పింది, పిక్కలోంచి పప్పు బయటపడిందని. నేను తడిమి చూసి 180 అన్నాను. ఫిబ్రవరి స్కాన్‌లో ఊపిరితిత్తిలో ఒక చుక్క లేదు, రెండోది చిన్నదయ్యింది. శివరాత్రికి 240. మేడమ్ స్కేలు పెట్టి కొలుస్తుంటే అత్తయ్య గ్రేడు చెప్పేది. మేడమ్‌ది రాజమండ్రి, ఈ గోల అర్థం కాక మొదట అయోమయపడి, తర్వాత ఫైల్లో సెంటీమీటర్ల పక్కన బ్రాకెట్లో 240 అని రాసుకున్నారు. నా కళ్ళతో చూశాను.

తమ్ముడి స్కాన్ కూడా అదే వారం. అలాగే ఉంది, పెరగలేదు, తగ్గలేదు అన్నారు. మార్చిలో వచ్చినప్పుడు బుగ్గ మెరుస్తోంది, లోపల్నుంచి ఎవరో నెడుతున్నట్టు. ఒకే సీసా. ఒకే సూది గుచ్చిన సీసా. రెండు గీతలు ఇటు, రెండు గీతలు అటు, నేను కళ్ళార్పకుండా చూసినవి. ఈవిడకి కరుగుతోంది, ఆయనకి పెరుగుతోంది. ఎందుకని అడిగితే మేడమ్ చెప్పినదంతా నేను రాసుకున్నాను: ఆ బ్రేకుని నొక్కే వేలులాంటిది పీడీ-ఎల్1, అది గడ్డ మీద ఎంత ఉంది, కాపలా కణాలు గడ్డ లోపలిదాకా వెళ్ళగలిగాయా, ఇలా ఏవేవో. పూర్తి డోసులో ఈ జాతి మందు ఒక్కటే ఇవ్వాలంటే ముందుగా ఆ పీడీ-ఎల్1 స్కోరు చూస్తారట. కానీ ఫలానా మనిషికి పనిచేస్తుందని ముందే గట్టిగా చెప్పే పరీక్ష మాత్రం లేదన్నారు.

ఎనిమిదో డోసు ఉగాది రోజు. వేపపువ్వు పచ్చడి చిన్న డబ్బాలో పట్టుకెళ్ళింది, తమ్ముడికి నాలిక మీద రాయడానికి. వాళ్ళు రాలేదు. ఫార్మసీ అమ్మాయి నోటుబుక్కు తిప్పి చూపించింది, ఆయన పేరు మీద గీత. ఆయనకి ఆపేశారట, పనిచెయ్యట్లేదని. మాకెవరూ చెప్పలేదు, చెప్పాలని రూలేమీ లేదు కూడా. పూర్తి సీసా సొమ్ము నా దగ్గర లేదు. ఆ అమ్మాయి గాజువాకలో గురువారం రావలసిన ఒక కుర్రాడికి ఫోన్ చేసి ఇప్పుడే వచ్చెయ్యమంది. పండగ పూట బస్సులు లేక అతనొచ్చేసరికి మూడయ్యింది. అంతసేపూ అత్తయ్య పచ్చడి డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఎవరికీ పెట్టలేదు, తను తినలేదు.

ఏప్రిల్ చివర్లో పాతపట్నం మీదుగా బస్సులో పర్లాకిమిడి వెళ్ళాం. పిల్లలకని ఒక కిలో పప్పు కట్టించుకుంది, 240. చిన్న ఇల్లు, వాకిట్లో ఆటో, దాని మీద పరదా కప్పి ఉంది. ఆయనకి ముక్కులోంచి గొట్టం, బుగ్గకి గుడ్డ. మార్ఫిన్ మాత్రలు నూరి గొట్టంలోంచే పోస్తున్నారు, వాటివల్ల నొప్పి కొంత అదుపులో ఉందని ఆయన భార్య చెప్పింది. మాట పూర్తిగా పోయింది. అత్తయ్య మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరికీ మాట్లాడ్డానికేం లేదు. కాసేపయ్యాక ఆయన చెయ్యెత్తి తన చెవి కింద చూపించాడు. నీదెలా ఉందని. ఆవిడ పీట మీంచి ముందుకి వంగి మెడ ఇచ్చింది. ఆయన బొటనవేలితో మెల్లిగా నొక్కి వెతికాడు, మొదట దొరకలేదు, తర్వాత దొరికింది. అక్కడే వేలుంచి కళ్ళతో అడిగాడు.

"మూడొందల ఇరవై, తమ్మీ."

ఆయన భార్యని సైగ చేసి పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు.

మే 13న పోలింగ్. ఆ వారంలోనే పోయాడు. కబురు అందేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు 2024 జులై. ఈ నెల మొదట్లో పన్నెండో డోసయ్యింది. గడ్డ 320 దగ్గరే ఆగింది, ఊపిరితిత్తిలో మిగిలిన చుక్క కూడా అంతే. అదుపులో ఉందంటారు మేడమ్, పోయిందనరు. చుట్ట పెట్టె అటక మీద ఉంది. ఖాళీదే, నేను చూశాను, రెండుసార్లు చూశాను. కొత్త జంట ఆ గాజువాక కుర్రాడే, ముప్పై దాటలేదు, నాలిక. బాగా మొహమాటం, తలెత్తి మాట్లాడడు. ఎప్పుడూ ఆలస్యం. పదమూడో డోసు వచ్చే మంగళవారం. నిన్న టికెట్లు తీస్తుంటే లోపల్నుంచి కేకేసింది, ప్లేటు గిన్నెలో ఉన్నట్టుంది, సగం మాటలు ముక్కులోంచే వస్తున్నాయి.

"ఒలే, ఆ గుంటడికి ఫోన్ సేసి బేగి రమ్మని సెప్పు. కితంసారి ఆడికోసం సూసి సూసి ఆకలికి సచ్చాను. ఏటైనా తినేసి రమ్మని కూడా సెప్పు, మొకం పీక్కుపోయుంటాది."